చిప్పుల మీద అపవాదు

మా గ్యారేజీ మూలన ఒక చెక్క బల్ల ఉంది. ఈ మధ్య నాలుగు నెలల పాటు దాని మీద ఒక ఆకుపచ్చ బోర్డు వెల్లకిలా పడి ఉంది. 1980 నాటి పాక్‌మాన్ వీడియో గేము బోర్డు అది. ఇంటికి వచ్చి దాన్ని చూసిన వాళ్ళలో ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళూ ఉన్నారు, బల్బు మార్చడం రానివాళ్ళూ ఉన్నారు. అందరూ ఒకే తీర్పు ఇచ్చారు: "ప్రాసెసర్ పోయి ఉంటుంది." మా తోడల్లుడు మరో అడుగు ముందుకు వేసి, "చుట్టూ ఉన్న నల్ల చిప్పులన్నీ ఒకేసారి మార్చెయ్యి అన్నయ్యా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. దాపరికం ఎందుకు, మొదటి రోజు నేనూ అదే అనుకున్నాను.

ఆ బోర్డు ఇప్పుడు ఆడుతోంది. అందులో చెడిపోయిన చిప్పు ఒక్కటి కూడా దొరకలేదు. దొరికిన లోపాలు మూడు. ఒకటి మాడిన కనెక్టరు, ఒకటి అలిసిపోయిన ఐసీ బేసు (చిప్పును గుచ్చే గూడు), మూడోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, స్వయానా నా చేతి చలవ. పాత బోర్డుల విషయంలో మనం చిప్పులను అకారణంగా నిందిస్తామనీ, ఆ నిందే వయసు కంటే ఎక్కువ బోర్డులను పాడు చేస్తోందనీ నా వాదన. వాదన అంటున్నాను కనుక ఎదురు సాక్ష్యాలను కూడా దాచను.

తెనాలిలో మా బాబాయికి రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. ఎనభైల చివర నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. టీవీలో బొమ్మ రాకపోతే జనం చావు కబురు మోసుకొచ్చినట్టు వచ్చేవారు. "పిక్చర్ ట్యూబు పోయిందటండీ, పక్క వీధిలో చూపించాం" అనేవారు. సెట్టులో అన్నిటికంటే ఖరీదైన వస్తువు పిక్చర్ ట్యూబే. బాబాయి ఏమీ అనకుండా ముందు ప్లగ్గు విప్పి చూసేవాడు. తర్వాత ఫ్యూజు. ఆ తర్వాత వెనక మూత తీసి, స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడితో బోర్డును అక్కడక్కడ మెల్లగా తట్టేవాడు. తట్టినప్పుడు బొమ్మ ఒక్క క్షణం మెరిసి మాయమైతే, "డ్రై సోల్డరు" అని, అంటే అతుకు వదిలిందని, రెండు ముక్కలు పలికి ఐరన్ వేడికి పెట్టేవాడు. "పెద్ద వస్తువు మీద నింద వేయడం తేలికరా, అది అందరికీ కనిపిస్తుంది" అనేవాడు నాతో. కొత్త ట్యూబు అమ్ముకునే అవకాశాన్ని చేజేతులా వదులుకుంటున్నాడే అని నాకు ఆ వయసులో జాలి వేసేది.

నేనిప్పుడు షికాగో పొలిమేరల్లో ఉంటాను. పాక్‌మాన్ పుట్టింది జపాన్‌లో, నామ్కో కంపెనీలో. రూపకర్త తోరు ఇవతాని. అమెరికాలో దాన్ని లైసెన్సు మీద తయారు చేసి అమ్మింది మిడ్‌వే. ఆ మిడ్‌వే ఉండేది ఇక్కడికి దగ్గరలోనే, ఫ్రాంక్లిన్ పార్కులో. ఇక్కడి పాత ఇళ్ళ నేలమాళిగల్లో, మూతబడిన పిజ్జా కొట్ల వెనక గదుల్లో ఈ ఆటల పెట్టెలు ఇంకా కనిపిస్తుంటాయి. నాకు దొరికింది ఒక పెద్దాయన తన లాండ్రీ మూసేస్తూ వదిలించుకున్న పెట్టె. చెక్క తడికి ఉబ్బింది. తెర బాగానే ఉంది. బోర్డులో ప్రాణం లేదు. "ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది, అప్పుడు చూసినతను ప్రాసెసర్ పోయిందన్నాడు" అని ఆయన చెప్పాడు. తెనాలి అయినా, షికాగో అయినా మాట మారలేదు.

బోర్డు మీద ఏముందో కాస్త చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మధ్యలో జెడ్-80 ప్రాసెసర్. దాని గడియారం 3.072 మెగాహెర్ట్జ్, 18.432 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ తాళాన్ని ఆరుతో భాగిస్తే వచ్చే లెక్క. ఆట ప్రోగ్రాం మొత్తం 16 కిలోబైట్లు, నాలుగు రోమ్ చిప్పుల్లో (చదవడానికే తప్ప రాయడానికి వీలులేని మెమరీ) సర్దుకుంది. అక్షరాల, గోడల, చుక్కల బొమ్మలకు ఒక రోమ్. దయ్యాల వంటి కదిలే బొమ్మలకు మరొకటి. ఒక్కొక్కటి 4 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసం ఫైలు సైజు ఆ ఆట మొత్తం కంటే పెద్దది, ఆ సంగతి తలచుకుంటే రాసేవాడికి కాస్త బిడియంగా ఉంటుంది. మిగిలినవి చాలా వరకు 74 సిరీస్ లాజిక్ చిప్పులు, ఒక్కొక్కటి ఒక చిన్న పని చేసేవి. బోర్డు అంచుల వెంట ఒక పక్క అంకెలు, ఒక పక్క అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. 6ఇ అంటే ఆరో గీత, ఇ గీత కలిసే చోట ఉన్న చిప్పు. సర్క్యూటు పటం కూడా దొరుకుతుంది. పటం ఉంది, వీధి నంబర్లు ఉన్నాయి. ఇంత చిరునామా ఉన్న చోట కూడా ఊహ మీద తలుపులు తట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మొదట కరెంటు. ఈ బోర్డుకు ఒక విచిత్రమైన అలవాటు ఉంది. మామూలుగా ఆటల బోర్డుకు పెట్టెలోని పవర్ సప్లై నుంచి తయారైన 5 వోల్టుల డీసీ వస్తుంది. పాక్‌మాన్ బోర్డుకు మాత్రం ట్రాన్స్‌ఫార్మరు నుంచి 7 వోల్టుల ఏసీ నేరుగా వచ్చేస్తుంది. దాన్ని డీసీగా మార్చి 5 వోల్టులకు దించే వంటంతా బోర్డు మీదే. అంటే బోర్డు తినే కరెంటు మొత్తం అంచునున్న 44 పిన్నుల కనెక్టరులో కొన్ని రాగి పలకల గుండానే లోపలికి రావాలి. పలకకూ పిన్నుకూ మధ్య కొంచెం చిలుము పట్టిందనుకోండి. ఓంలో పదో వంతు నిరోధం చాలు; మూడు ఆంపియర్లు పారుతుంటే ఆ గోరంత చోట దాదాపు ఒక వాటు వేడి పుడుతుంది. వేడికి చిలుము పెరుగుతుంది, చిలుముతో నిరోధం, నిరోధంతో మళ్ళీ వేడి. చక్రవడ్డీ లెక్క ఇది. నలభై ఏళ్ళు గడిచేసరికి నా బోర్డు పలకలు బొగ్గు రంగుకు తిరిగాయి, కనెక్టరు ప్లాస్టిక్ మాడిన అప్పడంలా పెళుసెక్కింది.

జెడ్-80 పదకొండో పిన్ను మీద మీటరు పెడితే 4.3 వోల్టులు చూపించింది. 74 సిరీస్ చిప్పులకు 4.75 కంటే తగ్గకూడదు, 5.25 కంటే పెరగకూడదు. ఆకలితో ఉన్న చిప్పు పూర్తిగా మానేయదు, తప్పుల తడకగా చేస్తుంది. ఒకటి అనవలసిన చోట ఒకటిలాంటిది అంటుంది. ఈ దశలో ఏ చిప్పును కొలిచినా అనుమానాస్పదంగానే కనిపిస్తుంది. వోల్టేజీ చూడకుండా చిప్పులు మార్చే వాళ్ళకు ప్రతి చిప్పూ దొంగలా కనిపించడం ఇందుకే. నేను పలకలను బాబాయి పద్ధతిలో పెన్సిలు రబ్బరుతో రుద్ది, మిగిలిన మసిని స్పిరిట్‌తో తుడిచి, కొత్త కనెక్టరు బిగించాను. 4.98 వచ్చింది. ఛాతీ విరుచుకుని స్విచ్చి వేశాను.

తెర నిండా చెత్త. అక్షరాలు, అంకెలు, రంగు ముక్కలు అన్నీ కలిపి దోసిలితో విసిరినట్టు. ఆ చెత్త కూడా నిలకడగా లేదు, పావు సెకనుకోసారి ఉలిక్కిపడుతోంది.

ఆ ఉలికిపాటు వెనక ఉన్న సర్క్యూటును వాచ్‌డాగ్ అంటారు. ప్రాసెసర్ తన పని చేసుకుంటూ మధ్యమధ్య దానికి "ఉన్నానండీ" అని హాజరు పలకాలి. తెర 16 సార్లు గీసే లోపల ఆ పలుకు వినబడకపోతే, ప్రాసెసర్ దారి తప్పిందని తేల్చుకుని రీసెట్ కొట్టి మొదటికి పంపుతుంది. తెర సెకనుకు అరవై సార్లు గీయబడుతుంది కనుక పదహారు సార్లంటే పావు సెకనుకు కొంచెం పైన. దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఆట బిగుసుకుపోతే దానంతట అదే లేవడానికి చేసిన ఏర్పాటు. మంచి ఏర్పాటే. కానీ రిపేరు చేసేవాడి తర్కం సరిగ్గా ఇక్కడే కాలు జారుతుంది. రీసెట్ పిన్ను కొట్టుకుంటోంది, అంటే హాజరు పడటం లేదు, అంటే ప్రాసెసర్ పని చేయడం లేదు, అంటే ప్రాసెసర్ పోయింది. చివరి "అంటే"కు ఆధారం లేదు. పిల్లవాడు పాఠం అప్పజెప్పలేదంటే మూగవాడని కాదు. వాడి చేతికిచ్చిన పుస్తకంలో కాగితాలు ఉన్నాయో లేవో చూడాలి కదా.

ఈ నీతులన్నీ తెలిసి కూడా నేను జెడ్-80 ఒకటి తెప్పించాను. మనసు అంత బలహీనమైనది. 1976లో వచ్చిన ఆ ప్రాసెసర్‌కు ఇక కొత్త ఆర్డర్లు తీసుకోబోమని జైలాగ్ కంపెనీ 2024లో ప్రకటించింది. ఆ వార్త చదివిన బెంగతో రెండు ఎక్కువే కొన్నాను. మార్చి చూశాను. చెత్త చెత్తగానే ఉంది. తీసిన పాత ప్రాసెసర్‌ను స్నేహితుడి బోర్డులో పెడితే హాయిగా ఆడింది. ఇరవై ఏళ్ళుగా ఆ పేద ప్రాణి మోస్తున్న అపవాదు అలా తొలగింది.

తర్వాత పుస్తకం వంతు. ప్రోగ్రాం ఉన్న నాలుగు రోమ్‌లనూ బేసుల నుంచి పీకి, ఒక్కొక్కదాన్నీ ప్రోగ్రామరు పరికరంలో పెట్టి చదివాను. సరిపోల్చడానికి ఎమ్యులేటరు (పాత యంత్రాన్ని కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రాం) వాళ్ళకు రుణపడ్డాను. నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన మేమ్ ప్రాజెక్టు ఇలాంటి వేల ఆటల రోమ్‌లకు చెక్‌సమ్‌లు (లోపలి డేటా నుంచి లెక్కగట్టిన గుర్తు సంఖ్యలు) నమోదు చేసి పెట్టింది. పాత యంత్రాలకు ఎమ్యులేటరే శత్రువని బాధపడే వాళ్ళు నా స్నేహితుల్లో ఉన్నారు. నా అనుభవంలో అది పక్కన కూర్చుని జవాబులు సరిచూసి పెట్టే తోటి విద్యార్థి. నాలుగు రోమ్‌లూ బిట్టు తేడా లేకుండా సరిపోయాయి. పనిలో పనిగా బొమ్మల రోమ్‌లు రెండూ కూడా తీసి చదివాను, అవీ సరిపోయాయి, అన్నిటినీ తిరిగి బేసుల్లో నొక్కేశాను. ఈ చివరి వాక్యాన్ని కాస్త గుర్తుంచుకోండి.

ప్రాసెసర్ మంచిది. గడియారం కొట్టుకుంటోంది. రోమ్‌లు మంచివి. 5 వోల్టులు ఉన్నాయి. ఆట లేదు. రెండు వారాలు ఆ బల్ల వైపే వెళ్ళలేదు. బట్టలు ఆరేసే నెపంతో మా ఆవిడ ఆ బోర్డు మీద ఒక దుప్పటి కప్పింది, నేను అభ్యంతరం చెప్పలేదు.

మళ్ళీ దుప్పటి తీసిన రోజు చేసిన మార్పు ఒక్కటే. అంతవరకు బోర్డును తిరగేసి, కింద సోల్డరు చుక్కల మీద కొలిచేవాడిని. అక్కడ చోటు ఎక్కువ, మీటరు మొన జారదు, అందరూ అలాగే చేస్తారు. ఆ రోజు బోర్డును తిరగేయడానికి బద్ధకం వేసి, పై నుంచే చిప్పు కాళ్ళ మీద మొన పెట్టాను. 6ఇ రోమ్, 24వ కాలు, 5 వోల్టులు అందవలసిన కాలు. మీటరు 1.9 అంది. తప్పు చూశాననుకుని కింద కొలిచాను: 4.98. పైన: 1.9. ఆ రెండు చోట్ల మధ్య దూరం ఒక సెంటీమీటరు కూడా లేదు. కుళాయి దాకా నీళ్ళు వచ్చాయి, బిందెలో పడలేదు.

లోపం బేసుది. ఆ కాలపు చవక బేసుల్లో రేకు చిప్పు కాలిని ఒక పక్క నుంచే తాకుతుంది. నలభై ఏళ్ళు ఒకే భంగిమలో నిలబడిన రేకు బిగువు కోల్పోయింది, పైగా చిలుము పట్టింది. కనిపించిన ఆ 1.9 వోల్టులు మిగిలిన కాళ్ళ సిగ్నళ్ళ నుంచి దొంగచాటుగా లోపలికి జారిన కరెంటు. దానితో చిప్పు చావలేదు, బతకలేదు. కాళ్ళ మీద ఏదో కదలిక ఉన్నట్టే కనిపిస్తుంది, అందుకే లాజిక్ ప్రోబ్‌తో చూసిన ప్రతిసారీ నేను దాన్ని నిర్దోషిగా వదిలేశాను. 6ఇ అంటే ప్రోగ్రాం మొదటి నాలుగు కిలోబైట్లు. ప్రాసెసర్ లేవగానే చదివే మొదటి మాటే అందులో ఉంటుంది. మొదటి పేజీ చిరిగిన పుస్తకం పట్టుకుని ఆ జెడ్-80 పావు సెకనుకోసారి మొదటి నుంచి చదవబోయి తన్నులు తింటోందన్న మాట.

ఇప్పుడు నా గొడవ చెబుతాను. "చిప్పులన్నీ మార్చెయ్యి" అన్న తోడల్లుడి సలహా పాటిస్తే ఏమయ్యేది? బేసుల్లో ఉన్న చిప్పులు మార్చినా ఇదే రేకు ఇలాగే ఉండేది, కొత్త రోమ్ కూడా చచ్చినదే అనిపించుకునేది. కాకపోతే పీకి పెట్టే రాపిడికి రేకు మీది చిలుము కొంచెం గీసుకుపోయి, అదృష్టం బాగుంటే ఆట లేచేది కూడా. అప్పుడు "చూశావా, రోమ్ పోయింది" అని తీర్మానం జరిగిపోయేది. నెల తర్వాత మళ్ళీ ఆగేది. తప్పుడు కారణంతో బాగుపడిన బోర్డు బాగుపడని బోర్డు కంటే ప్రమాదం, ఎందుకంటే అది మనకు అబద్ధం నేర్పుతుంది. ఇక బేసులు లేకుండా నేరుగా సోల్డరు చేసిన లాజిక్ చిప్పుల సంగతి మరీ ఘోరం. ఒక 16 కాళ్ళ చిప్పును పీకాలంటే 16 చోట్ల సోల్డరు కరిగించి పీల్చాలి. పాత బోర్డు మీద రాగి ట్రాకును పట్టి ఉంచే జిగురు ఆ వేడికి వదిలేస్తుంది. ఒక్క ట్రాకు లేచిందంటే మీరు కొత్త లోపం పుట్టించారు, పైగా అది ఏ పటంలోనూ లేని లోపం. మంచి చిప్పును పీకి, మంచి చిప్పును పెట్టి, మధ్యలో ఒక తీగను తెంపడం. దీన్ని రిపేరు అనే నోరు నాకు రాదు.

నాలుగు బేసులూ మార్చాను. లోపం ఒక్కదానిలోనే దొరికింది కదా, మిగిలిన మూడు ఎందుకు మార్చావు, ఇదీ ఊహే కదా అంటారా? అవును. ఒకే రోజు ఒకే పెట్టెలోంచి వచ్చిన తోబుట్టువులు కనుక సూత్రాన్ని కాస్త వంచాను. నా వాదనలో ఇది కంత అని ఒప్పుకుంటాను.

స్విచ్చి వేశాను. చెత్త ఒక్కసారి మెరిసి తుడుచుకుపోయింది. యంత్రం తనను తాను పరీక్షించుకుని తెర మీద ఒక మాట రాసింది. మెమరీ బాగుందని, ఇంగ్లీషులో "మెమరీ ఓకే" అని రాయాలి. అది రాసింది మాత్రం: ఎల్, డి, ఎల్, ఎన్, ఆర్, ఎక్స్, ఖాళీ, ఎన్, జె.

తర్వాత ఆట తెర వచ్చింది. పైన "హై స్కోర్" ఉండవలసిన చోట హెచ్, హెచ్, ఎఫ్, హెచ్. ఆర్, బి, ఎన్, ఆర్, డి. గోడలు అక్కడక్కడ విరిగాయి. చుక్కలు మాత్రం అన్నీ చక్కగా ఉన్నాయి. దయ్యాలు కూడా కళ్ళూ జుబ్బాలూ చెక్కుచెదరకుండా షికారు చేస్తున్నాయి. నాకు నిజంగా నవ్వొచ్చింది. యంత్రానికి నత్తి వచ్చింది.

కాగితం తీసి ఆ అక్షరాలు రాసుకున్నాను. నాలుగు నెలల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన అరగంట అది. పాక్‌మాన్‌లో ప్రతి బొమ్మ ముక్కకూ ఒక సంఖ్య ఉంది, అక్షరాల సంఖ్యలు కంప్యూటర్లలో మామూలుగా వాడేవే: ఏ 65, బి 66, ఇలా వరుసగా. ఇప్పుడు చూడండి. హెచ్ 72, సరి సంఖ్య, మారలేదు. ఐ 73, అది 72 అయి హెచ్‌గా వచ్చింది. జి 71, అది 70 అయి ఎఫ్. ఎస్ 83, అది 82 అయి ఆర్. సి 67, అది 66 అయి బి. బేసి సంఖ్యలన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి, సరి సంఖ్యలు కదల్లేదు. అంటే యంత్రం సున్నాలు, ఒకట్లుగా రాసుకునే సంఖ్యలోని చిట్టచివరి అంకె (బిట్టు) ఎప్పుడూ సున్నాగానే చేరుతోంది. చుక్క సంఖ్య 16, పెద్ద గుళిక సంఖ్య 20. రెండూ సరి సంఖ్యలే, అందుకే అవి క్షేమం. ఆట మొదలయ్యేటప్పుడు తెర మధ్యలో వచ్చే "రెడీ"లో ఏ అక్షరం 65; అది 64 అవుతుంది, 64 అంటే ఖాళీ గడి. చూస్తే నిజంగానే అక్కడ ఖాళీ ఉంది.

ఒక్క బిట్టు. ఇప్పుడు మామూలు రిపేరు బుర్ర ఏమంటుంది? వీడియో ర్యామ్ (తెర మీది బొమ్మల సంఖ్యలు తాత్కాలికంగా ఉండే మెమరీ) పోయింది అంటుంది. ఆ పాత ర్యామ్ చిప్పులకు చెడ్డపేరు ఉన్న మాట నిజమే. కానీ యంత్రం నత్తిగానైనా మెమరీ ఓకే అని చెప్పింది కదా! పరీక్షలో ప్రాసెసర్ ఆ ర్యామ్‌లోకి రాసి, తిరిగి చదివి సరిచూసుకుంది. బిట్టు అక్కడ పోయి ఉంటే పరీక్ష అక్కడే ఆగేది. కనుక సంఖ్య ర్యామ్‌లో సరిగానే ఉంది. అక్కడి నుంచి బొమ్మగా మారే దారిలో ఎక్కడో జారుతోంది. కదిలే బొమ్మలు బాగున్నాయి కనుక ఆ జారుడు అక్షరాలకే చెందిన చోట ఉండాలి. అక్షరాల రోమ్ 5ఇ. ప్రాసెసర్ చదవలేని చిప్పు అది, తెర గీసే సర్క్యూటు మాత్రమే చదువుతుంది, అందుకే స్వీయ పరీక్షకు చిక్కదు. ఒక్కో అక్షరం బొమ్మ 16 బైట్లు. 16 అంటే, ఏ బైటు కావాలో చిప్పుకు చెప్పే అడ్రసు తీగల్లో కింది నాలుగు బొమ్మ లోపల తిరగడానికి సరిపోతాయి, అక్షర సంఖ్య చివరి బిట్టు ఐదో తీగ అవుతుంది. ఆ చిప్పులో అది నాలుగో కాలు.

మొన పెట్టే ముందే వేలు దగ్గరికి తీసుకెళ్ళాను. తెర మీద అక్షరాలు గజగజ వణికాయి. ఏ తీగకూ తగలకుండా గాలిలో వేలాడుతున్న కాలు మాత్రమే అలా మనిషి వేలికి భయపడుతుంది. భూతద్దం పెట్టి పక్క నుంచి చూశాను. నాలుగో కాలు బేసు రంధ్రంలోకి దిగకుండా, చిప్పు పొట్ట కిందికి మడిచి పెట్టుకుని కూర్చుంది. రోమ్ చదివి తిరిగి నొక్కింది నేనే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈసారి సాక్ష్యం తెర మీద అక్షరాల్లో రాసి మరీ పట్టించింది.

శ్రావణంతో కాలు నిదానంగా తిన్నగా చేసి పెట్టాను. హై స్కోర్ హై స్కోర్ అయింది.

చెత్త అక్షరాల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. పాక్‌మాన్‌లో అన్ని చిప్పులూ బాగున్నా తెర సగం చెత్తగా మారే సందర్భం ఒకటి ఉంది. 256వ స్థాయికి చేరితే కుడి సగమంతా అక్షరాలు, ముక్కలతో నిండిపోతుంది. స్థాయిని లెక్కించే చోటు ఒక్క బైటు. కింద పళ్ళ బొమ్మలు గీసే భాగం ఆ సంఖ్యకు ఒకటి కలపగానే అది పొంగి సున్నా అవుతుంది, ఏడు పళ్ళకు మించకూడని చోట 256 గీయడం మొదలుపెడుతుంది. ఏ మీటరుకూ దొరకని లోపం అది, పుట్టుకతో వచ్చింది. అక్కడిదాకా ఆడగలిగిన వాడు నా దగ్గరికి బోర్డు పట్టుకొస్తే, రిపేరు మానేసి ముందు దండం పెడతాను.

ఇక ఎదురు సాక్ష్యాలు. చిప్పులు చావవని నేను అనడం లేదు. ర్యామ్‌లు చస్తాయి. కొన్ని తయారీల లాజిక్ చిప్పులు లోపల తీగ తెగినట్టు అవుట్‌పుట్ ఇవ్వడం మానేస్తాయి. అలాంటప్పుడు అదే రకం మంచి చిప్పును దాని వీపు మీద ఎక్కించి కాళ్ళు తాకేలా పట్టుకుంటే ఆట ఒక్క క్షణం బాగుపడి నిజం చెప్పేస్తుంది. ఏదీ పీకనక్కరలేని పరీక్ష. అన్నిటికంటే నా నోరు మూయించే ఉదాహరణ క్యాప్‌కామ్ సీపీఎస్-2 బోర్డులు, 1993లో వచ్చాయి. నకళ్ళు రాకుండా ఆట కోడుకు తాళం వేసి, తాళంచెవిని బ్యాటరీతో బతికే మెమరీలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే తాళంచెవి ఆవిరి, ఆట మూగ. తీగ తెగలేదు, చిలుము లేదు, ఒక్క చిప్పూ కాలలేదు. నా మీటరుకు అక్కడ పనే లేదు. ఆ తాళం రహస్యం 2007లో బయటపడింది. కాబట్టి నా సూత్రం అన్ని బోర్డులకూ వర్తించదు. తొలి ఎనభైల బోర్డుల మీద మాత్రం పందెం కాస్తాను.

ఒక స్నేహితుడు ఇంకో రకంగా ఎదురు తిరిగాడు. అరవై ఆటలు ఒకే చిన్న బోర్డులో వస్తాయి, ఈ పెట్టెలో అది బిగిస్తే ఒక్క సాయంత్రం పని, నాలుగు నెలలు దేనికి అన్నాడు. ఆడుకోవడమే కావాలంటే అతనిదే సరైన మాట, పెట్టె కూడా అక్కరలేదు, ల్యాప్‌టాప్ చాలు. పాత వస్తువు పవిత్రమనే భక్తి నాకు లేదు. నా అభ్యంతరం అలా బిగించి "రిపేరు చేశాను" అని చెప్పుకోవడం మీద. ఇల్లు కారుతోందంటే పక్కింటికి మారి, కప్పు వేయించానన్నట్టుంటుంది. పైగా ఆ సాయంత్రం పీకి పారేసే పాత బోర్డులో ఎన్నిటికి నిజంగా ప్రాణం పోయిందో ఎవరూ కొలవరు. నాకొచ్చిన ఈ బోర్డే ఒక రేకు ముక్క కోసం ఇరవై ఏళ్ళు శవంగా చలామణి అయింది.

పిల్లలు ఇప్పుడు రోజూ సాయంత్రం ఆడుతున్నారు. 244 గుళికలూ తినడం మా చిన్నదానికి ఇంకా చేతకాలేదు, ఎర్ర దయ్యానికి దొరికిపోయి నన్ను తిడుతుంది. నిన్న మధ్యాహ్నం నుంచి మాత్రం మోత మధ్యలో గరగర వినిపిస్తోంది. తోడల్లుడు ఫోనులోనే తేల్చేశాడు, "ఆంప్లిఫయర్ ఐసీ పోయిందన్నయ్యా." నేను టార్చిలైటు పట్టుకుని పెట్టె వెనక కూర్చున్నాను. స్పీకరుకు వెళ్ళే రెండు తీగల్లో ఒకటి కాస్త వదులుగా ఉన్నట్టుంది.